కువాలా సెపెటాంగ్‌కి రైలు ఉందా?

ప్రశ్న: వచ్చే నెల కౌలాలంపూర్ నుంచి కువాలా సెపెటాంగ్ వెళ్దామనుకుంటున్నాం. మలయాలో (ఇప్పటి మలేషియా ద్వీపకల్పంలో) మొదటి రైలు అక్కడికే నడిచిందని విన్నాను, మరి మ్యాప్‌లో స్టేషనే కనబడట్లేదేంటి? నేరుగా వెళ్లొచ్చా?

జవాబు: నేరుగా లేదండీ. కౌలాలంపూర్ ప్రధాన స్టేషన్ కేఎల్ సెంట్రల్‌లో బటర్‌వర్త్ వైపు వెళ్లే ఈటీఎస్ (వేగంగా నడిచే ఎలక్ట్రిక్ రైలు) ఎక్కి తైపింగ్‌లో దిగండి, అక్కడి నుంచి టాక్సీయో, గ్రాబో (యాప్‌లో బుక్ చేసుకునే క్యాబ్). మీరు విన్నది మాత్రం నిజమే, 1885 జూన్ 1న తైపింగ్ నుంచి పోర్ట్ వెల్డ్‌కి, సుమారు 13 కిలోమీటర్లు, తగరం ఓడరేవుకి చేర్చడానికి మొదలుపెట్టిన లైను అది. ఆ పోర్ట్ వెల్డే ఇప్పటి కువాలా సెపెటాంగ్. పట్టాలు ఎప్పుడో పీకేశారు.

జవాబు: పట్టాలు పోయినా పాత స్టేషన్ బోర్డు ఉంది! రోమన్ లిపి, జావీ (మలయ్ భాష రాసే అరబిక్ లిపి), చైనీస్, తమిళం, నాలుగింట్లోనూ ఊరి పేరు. నేను దాని కోసమే వెళ్లా, తీరా చూస్తే రోడ్డు పక్కన మామూలు పాత బోర్డు, కానీ ఎందుకో కదలబుద్ధి కాలేదు.

జవాబు: మడ అడవి, కట్టెబొగ్గు బట్టీలు కూడా చూడండి. తిరుగు ఈటీఎస్ టికెట్ ముందే తీసుకోండి, సెలవుల్లో దొరకదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, అయితే తైపింగ్‌కే బుక్ చేస్తా.