మ్యాప్‌లో పగలు-రాత్రి గీత ఎందుకు వంకర తిరిగింది? చంద్రుడి గురించి కూడా ఒక సందేహం

ప్రశ్న

ఫోన్‌లో పగలు-రాత్రి చూపించే ప్రపంచ మ్యాప్ ఒకటి పెట్టుకున్నాను. సెప్టెంబర్ చివర్లో మొదటిసారి తెరిచినప్పుడు వెలుగుకీ చీకటికీ మధ్య గీతలు నిటారుగా, తలుపు రెక్కల్లా ఉన్నాయి. ఇప్పుడు నవంబర్ మొదటి వారం. చీకటి పైనుంచి వేలాడదీసిన తెరలా ఉంది, కింది అంచు గుండ్రంగా వంపు తిరిగింది. భూమి బంతిలాంటిదే కదా, నీడ అంచు ఇలా అలలా ఎందుకు వస్తుంది? యాప్ తప్పా, నా బుర్ర తప్పా?

ఇంకో రెండున్నాయి. మా పెదనాన్నగారి అబ్బాయి దక్షిణార్ధగోళంలో ఉంటాడు. మ్యాప్ ప్రకారం వాడికి పొద్దుగూకింది, వీడియో కాల్‌లో చూస్తే కిటికీలో ఇంకా వెలుతురే. చంద్రుణ్ణి చూపించమంటే చూపించాడు: నాకు కుడివైపు వెలిగే నెలవంక వాడికి ఎడమవైపు వెలుగుతోంది. ఇద్దరం కాసేపు వాదించుకున్నాం కూడా.

జవాబు

యాప్ తప్పు లేదండీ, మీ తప్పూ లేదు. తప్పల్లా బంతిని చదును చేసి పరిచిన మ్యాప్‌దే.

ఒక బంతి తీసుకుని సరిగ్గా నడుముకి రబ్బరు బ్యాండు వేయండి. పగలూ రాత్రీ కలిసే అంచు ఏడాది పొడవునా అంతే, బంతిని రెండు సగాలు చేసే మామూలు వలయం. మార్చి 20, సెప్టెంబర్ 22 ప్రాంతాల్లో ఆ వలయం రెండు ధ్రువాల మీదుగా పోతుంది, కాబట్టి మ్యాప్‌లో నిలువు గీతలుగా కనిపిస్తుంది. మిగతా రోజుల్లో ధ్రువాలను తప్పించుకుని కాస్త ఒరిగి ఉంటుంది. ఒరిగిన వలయాన్ని చదునుగా పరిస్తే అల వస్తుంది. పైగా ఇలాంటి మ్యాపుల్లో ఉత్తర ధ్రువమనే ఒక్క చుక్కని పై అంచంతా సాగదీస్తారు. అందుకే పైన చీకటి అంత భారీగా కనిపిస్తోంది.

నా సలహా ఏమిటంటే, ఆ గీత సంగతి వదిలేయండి. దాన్ని చూస్తే ఎప్పటికీ గజిబిజే. ఒక్క చుక్క పట్టుకోండి: ఈ క్షణాన సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్న చోటు. భూమి మీద ఏ క్షణంలోనైనా అలాంటి చోటు ఒక్కటే ఉంటుంది. అది తెలిస్తే మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి.

ఆ చుక్క రేఖాంశం గడియారం చెబుతుంది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే 0 రేఖాంశం సమయం, 12 అయితే చుక్క 0 రేఖాంశం దగ్గర. 9 అయితే ఇంకా మూడు గంటల దూరం ఉంది కాబట్టి 45 డిగ్రీలు తూర్పున.

అక్షాంశం తేదీ చెబుతుంది. మార్చి 20కి 0. నెలకి, ఏప్రిల్ 20కి, 11 ½ డిగ్రీలు ఉత్తరం. మే 21కి 20. జూన్ 21కి దాదాపు 23 ½, అదే కర్కటరేఖ, అక్కడితో ఆఖరు. తిరిగి అదే లెక్కన వెనక్కి వచ్చి సెప్టెంబర్‌లో 0 దాటి, దక్షిణాన డిసెంబర్ 21కి మకరరేఖ చేరుతుంది. మొదటి నెలలో పదకొండున్నర, రెండో నెలలో ఎనిమిదిన్నర, మూడో నెలలో మూడున్నర డిగ్రీలే. ఊయల చివరికి వెళ్లి ఆగినట్టు. మార్చిలో ఆ చుక్క రోజుకి సుమారు 44 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగితే, జూన్ మూడో వారంలో కదిలినట్టే ఉండదు. పగటి నిడివి మార్చి, సెప్టెంబర్‌లలో గబగబా మారి, జూన్, డిసెంబర్‌లలో నిలబడిపోయినట్టు అనిపించడం దీనివల్లే.

డిసెంబర్ 21న యూటీసీ 9 గంటలకి చూడండి: 45 తూర్పు, 23 ½ దక్షిణం. మ్యాప్‌లో వేలు పెడితే మడగాస్కర్ దక్షిణ భాగం తగులుతుంది. సరిగ్గా దానికి అవతలి వైపు, 135 పశ్చిమం, 23 ½ ఉత్తరం, పసిఫిక్ సముద్రం మధ్యలో నడిరాత్రి. ఆ చుక్క నుంచి 90 డిగ్రీల లోపు ఉన్నవాళ్లందరికీ పగలు, బయట ఉన్నవాళ్లకి రాత్రి. మీ రబ్బరు బ్యాండు అదే.

ఆకాశంలో సూర్యుడి ఎత్తు కూడా ఇలాగే చెప్పొచ్చు. చుక్కకి 10 డిగ్రీల దూరంలో, అంటే సుమారు 1110 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకి సూర్యుడు నడినెత్తికి 10 డిగ్రీలు పక్కకి ఉంటాడు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో ఈ లెక్కనే తిరగేశాడు. సైనీలో, అంటే ఇప్పటి అస్వాన్‌లో, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీలు ఒరిగి ఉన్నాడు. అది వృత్తంలో 50వ వంతు. కాబట్టి ఆ రెండు ఊళ్ల మధ్య దూరానికి 50 రెట్లు భూమి చుట్టుకొలత. నాకైతే ఇంతకంటే అందమైన లెక్క ఇంకోటి తెలియదు.

ఇంకొకరు

గీత దాటినా వెలుతురు ఎందుకుందో నేను చెబుతాను. మ్యాప్‌లో గీత సూర్యుడు దిగంతం కిందకి పోయిన చోటు. చీకటి మొదలయ్యే చోటు కాదు. మనకి సూర్యుడు కనబడకపోయినా పైనున్న గాలికి కనబడుతూనే ఉంటాడు, ఆ గాలి వెలుగుని కిందకి చిమ్ముతుంది. సూర్యుడు 6 డిగ్రీలు దిగేదాకా బయట పనులు చేసుకునేంత వెలుతురుంటుంది. 18 డిగ్రీలు దిగితేగానీ ఆకాశం పూర్తిగా నల్లబడదు. మంచి యాప్ అయితే గీత పక్కన రంగులు మెట్లుమెట్లుగా ముదురుతూ చూపిస్తుంది, ఆ మెట్లు ఇవే.

ఈ సంధ్య ఎంతసేపుంటుందన్నది ఊరిని బట్టి. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నిటారుగా దిగుతాడు, ఇరవై నిమిషాలు దాటగానే మసకబారిపోతుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ ఏటవాలుగా జారుతాడు, సంధ్య సాగుతూనే ఉంటుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ సుమారు 60 డిగ్రీల ఉత్తరాన ఉంది. జూన్‌లో అక్కడ నడిరాత్రి కూడా సూర్యుడు దిగంతం కిందకి 6-7 డిగ్రీలే దిగుతాడు. తెల్లరాత్రులంటారే, అవి.

మరో చిన్న మాట: మార్చి 20న పగలూ రాత్రీ సరిసమానం అనేది పూర్తిగా నిజం కాదు. సూర్యుడి పై అంచు కనబడగానే ఉదయం అంటాం. దానికి తోడు గాలిలో వక్రీభవనం వల్ల, అంటే వెలుగు వంగడం వల్ల, ఇంకా కిందే ఉన్న సూర్యుడు పైకి లేచినట్టు కనిపిస్తాడు. ఆ రెండూ కలిసి భూమధ్యరేఖ దగ్గర కూడా పగటికి 7 నిమిషాలు ఎక్కువ ఇస్తాయి.

మరొకరు

చంద్రుడు దేశానికో రకంగా కనిపిస్తాడండీ. మనకి విదియ అయితే అక్కడ వేరే తిథి ఉండొచ్చు, అందుకే ఎడమవైపు వెలిగింది.

జవాబు

లేదండీ, ఇక్కడ మాత్రం ఒప్పుకోను. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. భూమి అడ్డకొలత 12,742 కిలోమీటర్లు. అంత దూరానికి మనం భూమికి ఈ కొసన ఉన్నా ఆ కొసన ఉన్నా వెలిగే వంతులో పెద్ద తేడా రాదు. ఒకే క్షణాన అందరికీ అదే కళ.

తేడా మన నిలబడే తీరులో ఉంది. చంద్రుడి వెలిగే వైపు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుంది. సాయంత్రం సూర్యుడు పడమట ఉంటాడు. ఉత్తరాన బాగా పైనున్నవాళ్లు చంద్రుణ్ణి చూడాలంటే దక్షిణానికి తిరగాలి, అప్పుడు పడమర కుడిచేతి వైపు. మీ తమ్ముడో అన్నో, ఆయన ఉత్తరానికి తిరిగి చూస్తాడు, పడమర ఎడమచేతి వైపు. ఇద్దరికీ నెలవంక పడమటి వైపే వెలుగుతోంది. భూమధ్యరేఖ దగ్గరివాళ్లకి అటూ ఇటూ కాకుండా అడుగున వెలిగి పడవలా ఉంటుంది.

చంద్రుడికీ నడినెత్తి చుక్క ఉంది. అమావాస్యకి అది సూర్యుడి చుక్క దగ్గరే. అక్కణ్ణుంచి రోజుకి సుమారు 12 డిగ్రీలు తూర్పుకి వెనకబడుతుంది, అందుకే చంద్రోదయం సగటున రోజుకి 50 నిమిషాలు ఆలస్యం. వారానికి 90 డిగ్రీలు వెనక: మధ్యాహ్నం ఉదయించి నడిరాత్రి అస్తమిస్తాడు. పౌర్ణమికి భూమికి అవతలి వైపు.

ఉత్తర దక్షిణాల ఊగులాట కూడా ఉంది. సూర్యుడు ఏడాదిలో చేసేది చంద్రుడు 27.3 రోజుల్లో చేసేస్తాడు. చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉండటంతో ఆ ఊపు కొన్నేళ్లు 18 డిగ్రీల దాకా, కొన్నేళ్లు 28 ½ దాకా మారుతుంటుంది, 18.6 ఏళ్ల చక్రం అది.

అడిగినవారు

అన్నే లెండి, నాకంటే రెండేళ్లు పెద్ద. ఈ పడమర మాట చెబితే ఒప్పుకున్నాడు.

చుక్క లెక్క వేసి చూశాను. నవంబర్ 3, యూటీసీ 12 గంటలు. అక్షాంశం 15 దక్షిణం వచ్చింది, యాప్‌లోనూ అంతే, సంతోషం. రేఖాంశం మాత్రం నాకు 0 వస్తే యాప్ 4 డిగ్రీలు పశ్చిమం చూపిస్తోంది, సెయింట్ హెలీనా ద్వీపం దగ్గర. ఎక్కడ పొరపాటు?

జవాబు

పొరపాటు లేదు, సరిగ్గా ఏడాదిలో తేడా ఎక్కువగా ఉండే రోజు ఎంచుకున్నారు! సూర్యుడు గడియారంలా సమంగా నడవడు. భూమి కక్ష్య కొంచెం కోలగా ఉండటం, అక్షం వాలి ఉండటం, ఈ రెండింటి వల్ల నవంబర్ మొదట్లో సూర్యుడు గడియారం కంటే 16 నిమిషాలు ముందుంటాడు. 16 నిమిషాలంటే 4 డిగ్రీలు. ఫిబ్రవరి రెండో వారంలో 14 నిమిషాలు వెనక. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబర్ 1, డిసెంబర్ 25 ప్రాంతాల్లో రెండూ కలుస్తాయి. 40 డిగ్రీల ఉత్తరాన అన్నిటికంటే చిన్న పగలు డిసెంబర్ 21 అయినా, అన్నిటికంటే తొందరగా పొద్దుగూకేది డిసెంబర్ 7-8 ప్రాంతంలో. అదీ ఈ తేడా పనే.

మనుషులు పెట్టుకున్న టైమ్ వేరే గొడవ. చైనా అంతటికీ ఒకటే సమయం, 120 తూర్పు రేఖాంశానిది. పడమటి చివర ఉన్న కష్గర్ 76 డిగ్రీల దగ్గర. 44 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. అధికారిక గడియారం ప్రకారం అక్కడ మిట్టమధ్యాహ్నం దాదాపు మూడు గంటలకి. అందుకే చుక్క లెక్కకి ఎప్పుడూ యూటీసీయే వాడండి, స్థానిక టైమ్ వద్దు.

అడిగినవారు

ఆఖరిది. ఉత్తర ధ్రువంలో నెలల తరబడి సూర్యుడు ఉండడు కదా, అప్పుడు చంద్రుడైనా ఉంటాడా?

జవాబు

చుక్కతోనే చూడండి. ధ్రువం నుంచి 90 డిగ్రీల లోపు అంటే ఉత్తరార్ధగోళమంతా. చంద్రుడి చుక్క భూమధ్యరేఖకి పైన ఉన్న రెండు వారాలూ అక్కడ చంద్రుడు అస్తమించకుండా గుండ్రంగా తిరుగుతాడు. కింద ఉన్న రెండు వారాలూ కనబడడు. ఆ రెండు వారాల్లో ఏ కళ ఉంటుందో మీరే చెప్పండి.

అడిగినవారు

డిసెంబర్‌లో సూర్యుడి చుక్క దక్షిణాన... పౌర్ణమి దానికి ఎదురు కాబట్టి ఉత్తరాన. అంటే చీకటి నెలల్లో పౌర్ణమికి అటూ ఇటూ ఉన్న చంద్రుడే వాళ్లకి కనిపిస్తాడు, అమావాస్య కనబడని రెండు వారాల్లో పోతుంది. మరి జూన్‌లో అక్కడ పౌర్ణమి చంద్రుడు కనిపించనే కనిపించడా?

జవాబు

కనిపించడు. ఆ పౌర్ణమి దక్షిణ ధ్రువం వాళ్లది.