కుండీలో కొత్తిమీర: సరిగా మొలవదు, మొలిచినా నెలకే పూత

మిద్దెతోట: ధనియాలు చల్లి 12 రోజులైంది. అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి. పాత కుండీలోదేమో జానెడు ఎదగకుండానే పూతకొచ్చింది. కుండీ లోతు 4 అంగుళాలు, పొద్దంతా ఎండ. తప్పెక్కడుంది?

విత్తనాలమూట: ముందు మొలక సంగతి. ధనియం ఒక్క గింజ కాదండీ, కాయ. అందులో రెండు గింజలుంటాయి. అలాగే వేస్తే నీరు లోపలికి దిగడానికే చాలా సమయం పడుతుంది. గుడ్డలో పోసి చపాతీ కర్రను పైన మెల్లగా దొర్లించండి. కాయ రెండు బద్దలుగా విడితే చాలు. పొడి రాలిందంటే ఎక్కువ నలిపినట్టే, ఆ బద్దలు మట్టిలో కుళ్ళిపోతాయి. రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచేసి తడిగుడ్డలో మూటకట్టండి. బద్ద మొనలో తెల్లటి వేరు తొంగిచూడగానే సెంటీమీటరు లోతున వేసి మట్టి కప్పాలి. వేరు పొడవు సాగేదాకా ఆగితే వేసేటప్పుడు విరిగిపోతుంది.

పెరటిపాదు: నలపకపోయినా మొలుస్తాయి, కాకపోతే ఆలస్యంగా, జంటలుగా. నన్నడిగితే అంతకన్నా ముఖ్యం గింజ వయసు. 20 గింజలు తడిగుడ్డలో పెట్టి చూడండి. రెండు వారాల్లో సగం కూడా మొలవకపోతే ఆ ధనియాలు మార్చేయడమే మేలు. మందు పట్టించిన రంగు విత్తనాలైతే వంటింటి గిన్నెలు, చపాతీ కర్ర వాటికి తగలనివ్వకండి.

కుండీమట్టి: పూతకు కారణం మీ ప్రశ్నలోనే ఉందండీ: 4 అంగుళాలు, పొద్దంతా ఎండ. కొత్తిమీరది తల్లివేరు. అది అడుగు తగిలి చుట్టుకుపోయినా, మట్టి ఎండిపోయినా, వేడి 30 డిగ్రీలు దాటినా మొక్క ఆకు మానేసి గింజ పనిలో పడుతుంది. నారు పీకి నాటినా అంతే, అందుకే ఉండాల్సిన చోటే విత్తాలి. కుండీ 8–10 అంగుళాల లోతు ఉండాలి. రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), ఒక పాలు కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) కలపండి. పొద్దున 3–4 గంటల ఎండ చాలు, తర్వాత సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ (నీడ వల) కిందికి మార్చండి.

మిద్దెతోట: పూత తుంచేస్తే మళ్ళీ ఆకు వేస్తుందా?

కుండీమట్టి: కొద్ది రోజులు ఆగుతుందేమో గానీ వెనక్కి రాదు. నడికాడ గట్టిపడి, కొత్త ఆకు వెడల్పు తగ్గి సోంపు ఆకులా దారాలు దారాలుగా వస్తోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఒకటి రెండు మొక్కలు పూతకు వదిలేయండి. ఆ పూలకు వచ్చే ఒకరకం ఈగల పిల్లపురుగులు పేనుబంకను (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులను) తినేస్తాయి. కాయలు గోధుమరంగుకు తిరిగాక కోసుకుంటే విత్తనమూ మీదే.

పెరటిపాదు: ఇంకోటి, ఒత్తుగా చల్లకండి. మొలిచిన వారానికే మట్టి దగ్గర కాడ దారంలా సన్నబడి వాలిపోతే అది నారుకుళ్ళు. ఒత్తు, ఎడతెగని తడి దానికి కారణాలు. మొక్కకూ మొక్కకూ 2 అంగుళాలుండేలా మిగతావి కత్తెరతో కత్తిరించండి, పీకితే పక్క వేళ్ళు కదులుతాయి. నీళ్ళు పొద్దునే, పైమట్టి ఆరాకే పోయండి.

విత్తనాలమూట: మొక్క 6 అంగుళాలయ్యాక బయటి కాడలే కోయండి, నడిమి చిగురు ముట్టుకోవద్దు. ఒక కుండీ కోతకొచ్చేలోపు ఇంకో కుండీ సిద్ధంగా ఉండాలంటే 15–20 రోజులకోసారి విత్తుతూ ఉండాలి.