వైఫై డాంగిల్ ఎంత కరెంటు తీసుకుంటుందో కొలవడం ఎలా?

ప్రశ్న (అనంతపురం):
నమస్కారం. మా చీనీ తోటలోని మోటారు షెడ్డులో సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ తగిలించాను. రాత్రంతా బ్యాటరీ నిలవాలంటే డాంగిల్ వాడకం ఎంతో తెలియాలి. లైనక్స్‌లో యూఎస్‌బీ పరికరాల వివరాలు చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం 500 మిల్లీ ఆంపియర్లు చూపుతోంది. దాన్నే లెక్కలోకి తీసుకోవచ్చా?

జవాబు (కడప):
తీసుకోకండి. అది తనకు గరిష్ఠంగా ఎంత అవసరమో పరికరమే పోర్టుకు చెప్పుకునే అంకె, కొలిచిన విలువ కాదు. యూఎస్‌బీ 2.0 పోర్టు పరిమితి 500 కాబట్టి కొందరు తయారీదారులు అదే రాసేస్తారు. పోర్టుకూ డాంగిల్‌కూ మధ్య యూఎస్‌బీ మీటరు (వెళ్లే కరెంటును తెరపై చూపే చిన్న పరికరం) పెట్టి చూడండి. అయితే డేటా తీగలు లేని మీటరు తెచ్చుకుంటే డాంగిల్ అసలు పని చేయదు.

జవాబు (కర్నూలు):
పైవారు చెప్పింది సరైనదే కానీ, వైఫై డేటాను పంపేటప్పుడు కరెంటు కొన్ని మిల్లీసెకన్లపాటే ఎగబాకి దిగిపోతుంది కనుక మీటరు తెరపై సగటు మాత్రమే కనిపిస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లు కావాలంటే 5 వోల్టుల తీగలో 0.1 ఓమ్ రెసిస్టర్ కలిపి, దాని రెండు కొసల మధ్య వోల్టేజీని ఆసిలోస్కోపుతో (వోల్టేజీ క్షణక్షణం మారే తీరును గీసి చూపే పరికరంతో) చూడాలి. 300 మిల్లీ ఆంపియర్లకు 30 మిల్లీవోల్టులు వస్తాయి. మల్టీమీటరే ఉంటే 10 ఆంపియర్ల రేంజిలో పెట్టండి, మిల్లీ ఆంపియర్ల రేంజిలో వోల్టేజీ పడిపోయి డాంగిల్ రీసెట్ కావచ్చు.

మీ అవసరానికి మాత్రం సగటు చాలు. అది 200 మిల్లీ ఆంపియర్లు వచ్చిందనుకోండి, 5 వోల్టుల వద్ద 1 వాట్. 12 గంటలకు 12 వాట్-అవర్లు, అంటే మీ బ్యాటరీ నుంచి 1 ఆంపియర్-అవర్. 12 వోల్టులను 5 వోల్టులకు తగ్గించే కన్వర్టర్‌లో పోయే నష్టం అదనం.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. డేటా తీగలున్న మీటరే తెప్పిస్తాను.