ఆకాశవాణి వాద్యబృందాన్ని జాతీయ ఆర్కెస్ట్రా అనొచ్చా?

మిర్యాలగూడ వయోలిన్: "మన దేశానికి సొంత ఆర్కెస్ట్రా ఏనాడూ లేదు" అని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. ఉంది. 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందం పెట్టారు. హిందుస్తానీ వైపు రవిశంకర్, కర్ణాటక వైపు టి.కె. జయరామ అయ్యర్ నడిపించారు. తర్వాత వేణువు విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ వచ్చారు. మన వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు కూడా ఆ బృందానికి స్వరరచన చేశారు. ఇంత చరిత్రను లేదనేస్తే బాధగా ఉంటుంది.

పాలమూరు రమణ: బృందం ఉంది, కాదనను. ఆర్కెస్ట్రా మాత్రం కాదు. పడమటి వాళ్ల సింఫనీలో ఒకేసారి వేర్వేరు స్వరాలు కలిసి మోగుతాయి, దాన్ని హార్మొనీ అంటారు. మన దగ్గర ముప్పైమంది కూర్చున్నా రాగం ఒకటే, వరుస ఒకటే. ఆర్కెస్ట్రా కావాలంటే 2006లో ముంబైలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను చూపండి.

సూర్యాపేట: రవిశంకర్ 1949లోనే రేడియోలో చేరాడు కదన్నా, 1952 ఎట్లా?

మిర్యాలగూడ వయోలిన్: ఆయన ఉద్యోగంలో చేరడం వేరు, బృందం పెట్టడం వేరు తమ్ముడూ.
రమణ గారూ, పడమటి కొలత తెచ్చి మన రాగాన్ని కొలవకండి. చిన్నప్పుడు మా ఇంటి మర్ఫీ రేడియోలో విన్నాను. ముందు వేణువు ఒక్కటే ఎత్తుకునేది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడేది. వెనక నుంచి తంత్రీ వాద్యాలన్నీ ఒక్కసారి అందుకుంటే రేడియో మీద పెట్టిన స్టీలు గ్లాసు వణికేది. దాన్ని ఆర్కెస్ట్రా అనకపోతే ఏమంటారు?

అచ్చంపేట క్లారినెట్: మా నాన్న పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. రేడియోకు కాదు, పట్నంలో వేరే ఒక సంస్థ ఆడిషన్‌కు పోయాడు. క్లారినెట్టును తువాలలో చుట్టుకుని, బస్సులో దారంతా దాన్ని ఊదే చోట పెట్టే రీడును నోట్లో నానబెట్టుకుంటూ పోయాడు. "నొటేషన్ చదువుతావా?" అని అడిగారు, అంటే కాగితం మీద రాసిన స్వరాలు. రాదన్నాడు. ఒక్క కీర్తన కూడా పూర్తి చేయనియ్యలేదు.

మిర్యాలగూడ వయోలిన్: బాధే, కానీ నొటేషన్ తప్పదు. ముప్పైమంది కలిసి వాయించాలంటే చెవి ఒక్కటే చాలదు.

అచ్చంపేట క్లారినెట్: చాలదా? ఒక్కసారి వింటే ఏ పాటైనా ఏ శ్రుతిలోనైనా వాయించిన మనిషి ఆయన! మీరు రాగమా, హార్మొనీనా అని కొట్టుకుంటున్నారు. నేను అడిగేది జాతీయం అన్న మాట గురించి. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దాంట్లో రాదని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్నే బయటికి గెంటింది, 1971 దాకా తలుపు తీయలేదు. ఇక డప్పును, డోలు సన్నాయిని ఎవరు రమ్మంటారు? మన నాగర్‌కర్నూల్ జిల్లా మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెరకు, ఆ జానపద తంత్రీ వాద్యానికి, 2022లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. ఆ కిన్నెరకు బృందంలో ఒక కుర్చీ వేస్తారా?

పాలమూరు రమణ: కిన్నెర శ్రుతి, వీణ శ్రుతి కలవడం కష్టం. అది సాంకేతిక సమస్య.

అచ్చంపేట క్లారినెట్: కలిపి చూసినంక చెప్పండి సార్.

సూర్యాపేట: ఈ మాట మాత్రం నిజం.

మిర్యాలగూడ వయోలిన్: మీ నాన్నగారు వాయించినది ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ పెట్టండి, వింటాను.

అచ్చంపేట క్లారినెట్: ఒక పెళ్లి క్యాసెట్ ఉంది. సగం జనం మాటలే, మధ్యలో ఆయన వాయించిన మోహన రాగం ఉంది. పెడతాను. ముందు ఆ "చెవి ఒక్కటే చాలదు" అన్న మాట వెనక్కి తీసుకోండి.