సముద్ర స్నానానికి అనువైన తీరమని అధికారికంగా ఎవరు ప్రకటిస్తారు?

ప్రశ్న: కట్టంగూరు వాసి, నల్గొండ జిల్లా

అందరికీ నమస్కారం. కార్తీక పౌర్ణమి నాడు సముద్ర స్నానం చేయడం మా నాయనమ్మ కాలం నుంచి మా ఇంటి ఆనవాయితీ. మన జిల్లాకు సముద్రం లేదు కనుక ముందు రోజు రాత్రి రెండు బండ్లలో బయలుదేరి, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా కోస్తాకు దిగి, తెల్లవారేసరికి ఒడ్డుకు చేరుకుంటాము. పోయిన ఏడాది మేము స్నానం చేసిన చోటుకు కొద్ది దూరంలో ఒక కాలువ సముద్రంలో కలుస్తున్నది. నీళ్లలో వాసన లేదు, రంగు తేడా లేదు. అయినా ఇంటికి తిరిగి వచ్చిన రెండు రోజుల్లో ఐదుగురు పిల్లల్లో ముగ్గురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా అన్న బిడ్డ వారం రోజులు చెవిపోటుతో ఏడ్చింది. అది నీళ్ల వల్ల కావచ్చు, దారిలో తిన్న తిండి వల్లా కావచ్చు, ఇప్పుడు తేల్చి చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. ఆయన మాట న్యాయమే కాబట్టి నేను ఎవరి మీదా నేరం మోపడం లేదు.

నన్ను వదలకుండా వేధిస్తున్న సంగతి వేరు. ఆ ఒడ్డున ఉన్న బోర్డులన్నీ లోతుకు పోవద్దనే చెబుతున్నాయి తప్ప, ఈ నీటిని ఫలానా రోజున పరీక్షించాము, ఫలితం ఇది అని చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనిపించలేదు. మాకు మర్రిగూడ, మునుగోడు వైపు చుట్టాలున్నారు. తేటగా, చల్లగా ఉన్న బోరు నీళ్లే ఫ్లోరైడ్‌తో మనుషుల ఎముకలను వంచిన సంగతి మన జిల్లాలో తెలియని ఇల్లు లేదు. అందుకే నీళ్లు కంటికి బాగున్నాయన్న మాట నాకు సరిపోదు. కొన్ని దేశాల్లో ప్రభుత్వమే ఒక తీరాన్ని స్నానపు నీటి ప్రదేశంగా ప్రకటించి, ఆ నీటిని క్రమం తప్పకుండా పరీక్షిస్తుందని విన్నాను. మన దేశంలో అలాంటి ఏర్పాటు ఉన్నదా? ఉంటే ఎవరిని అడగాలి? లేకపోతే చట్టంలో దానికి చోటు ఉన్నదా?

---

జవాబు: ప్రయోగశాల విశ్రాంత ఉద్యోగి, నల్గొండ

మీ ప్రశ్న సరైన చోట తగిలింది. నేను ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం నీటి నమూనాలతోనే గడిపాను కనుక కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

మన దగ్గర ప్రమాణాలు ఉన్నాయి. పర్యావరణ పరిరక్షణ నియమాల కింద సముద్ర తీర జలాలను ఐదు తరగతులుగా విభజించారు. వాటిలో రెండవ తరగతి స్నానానికి, నీటి క్రీడలకు, వాణిజ్య స్థాయి చేపల వేటకు ఉద్దేశించినది. ఆ తరగతి నీటిలో మలసంబంధమైన కోలిఫాం సూక్ష్మజీవులు 100 మిల్లీలీటర్లకు 100 దాటకూడదు, నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, అంటే బీఓడీ, లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించకూడదు. నదుల్లో, చెరువుల్లో స్నానానికి వేరే కొలత ఉన్నది. అక్కడ అదే కోలిఫాం 500 లోపు ఉండటం వాంఛనీయం, 2500 గరిష్ఠ పరిమితి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి.

సముద్రానికి ఇంత కఠినమైన హద్దు ఎందుకని చాలామంది అడుగుతారు. ఉప్పునీటిలో, ఎండలో కోలిఫాం త్వరగా చచ్చిపోతుంది, కానీ మురుగుతో పాటు వచ్చే కొన్ని వైరస్‌లు అంత త్వరగా చావవు. అందువల్ల సముద్రంలో తక్కువ సంఖ్య కనిపించినా దాని వెనుక ఉన్న ప్రమాదం తక్కువని అనుకోకూడదు. ఉప్పునీటిలో ఎక్కువ కాలం బతికే ఎంటెరోకాక్సై అనే సూక్ష్మజీవులను యూరప్ దేశాలు తీర జలాల్లో తప్పనిసరిగా లెక్కించడానికి కారణం కూడా ఇదే.

ఇక చట్టం సంగతి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోని జలాలను వర్గీకరించడం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి విధుల్లో ఒకటి. అదే చట్టంలో ‘ప్రవాహం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకు సముద్ర జలాలు కూడా వస్తాయి. కనుక చట్టంలో చోటు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అయితే ఇక్కడే ఒక పెద్ద ఖాళీ ఉన్నది. నీరు ఏ తరగతిలో ఉండాలో చెప్పే నియమం మనకు ఉన్నది కానీ, ఫలానా ఒడ్డున జనం స్నానం చేస్తారు కనుక అక్కడే, వారు దిగే చోటే, వారు దిగే కాలంలోనే నమూనా తీసి, ఫలితాన్ని అదే ఒడ్డున రాసి పెట్టాలని ఒక అధికారిని కట్టిపడేసే జాబితా లేదు. మీరు అడుగుతున్నది ఆ జాబితానే.

మీకు బ్లూ ఫ్లాగ్ గుర్తుకు రావచ్చు. విశాఖపట్నంలోని రుషికొండకు 2020 అక్టోబరులో, పూరీ, కప్పాడ్, పడుబిద్రి వంటి మరో ఏడు తీరాలతో పాటు ఆ గుర్తింపు వచ్చింది. అది డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చే జెండా. 33 అంశాలను చూసి ఇస్తారు, వాటిలో స్నానపు నీటి నాణ్యత ముఖ్యమైనది. ఏటా మళ్లీ సంపాదించుకోవలసిందే. మంచి ఏర్పాటే కానీ అది కోరి తెచ్చుకునే గుర్తింపు, చట్టం విధించిన బాధ్యత కాదు. పైగా దేశం మొత్తం మీద అలాంటి తీరాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే. కార్తీక పౌర్ణమికి మనవాళ్లు చేరే ఒడ్డుల్లో చాలావాటికి ఆ జెండా లేదు.

---

జవాబు: పాలమూరు బిడ్డ, ప్రస్తుతం లీడ్స్‌లో

పెద్దలు గారు చెప్పినదానికి ఇక్కడి అనుభవం కలుపుతాను. నాది మక్తల్ దగ్గర పల్లె, పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను.

ఇక్కడ ఒక ఒడ్డును స్నానపు నీటి ప్రదేశంగా గుర్తించమని స్థానిక కౌన్సిలే కాదు, ఊరివాళ్లు సంఘంగా ఏర్పడి కూడా పర్యావరణ మంత్రిత్వ శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేను చూసినప్పటి మార్గదర్శకాల ప్రకారం, స్నానాల కాలంలో రోజుకు సగటున కనీసం 100 మంది నీటిలో దిగుతున్నారని తలలు లెక్కపెట్టి చూపించాలి, దగ్గరలో మరుగుదొడ్లు ఉండాలి, చుట్టుపక్కల వారి అభిప్రాయం సేకరించాలి. గుర్తింపు వచ్చిన తరువాత మే 15 నుంచి సెప్టెంబరు 30 వరకు పర్యావరణ సంస్థ వాళ్లు వచ్చి, జనం ఎక్కువగా దిగే చోటే నమూనాలు తీస్తారు. నాలుగేళ్ల ఫలితాలను కలిపి అత్యుత్తమం, మంచిది, సరిపోతుంది, నాసి అని నాలుగు రకాలుగా తేల్చి, ఆ మాటను ఒడ్డున బోర్డు మీద రాస్తారు.

ఇందులో మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. లీడ్స్‌కు దగ్గరలో ఇల్క్లీ అనే చోట వార్ఫ్ నదికి 2020 డిసెంబరులో ఈ గుర్తింపు వచ్చింది, ఈ దేశంలో ఒక నదికి రావడం అదే మొదటిసారి. గుర్తింపు వస్తే నది బాగుపడినట్టేనని నేనూ మొదట అనుకున్నాను. కానీ 2021 నుంచి 2024 వరకు ప్రతి ఏడాదీ అక్కడి నీటికి నాసి అనే తీర్పే వచ్చింది, ఇక్కడ స్నానం చేయవద్దని సలహా ఇచ్చే బోర్డు నిలబడింది. దరఖాస్తు పెట్టినవాళ్లకు ఇది ముందే తెలుసు. నీరు మంచిదని చెప్పించుకోవడానికి కాదు, చెడ్డదని ప్రభుత్వం చేతనే రాయించి మురుగు వదిలే వాళ్లను నిలదీయడానికే వాళ్లు ఆ గుర్తింపు కోరారు. మనం కూడా అడిగేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి. ప్రకటన అంటే కితాబు అనుకుంటే, నీళ్లు బాగాలేని తీరాలవాళ్లు ఎవరూ అడగరు, అధికారులూ ఇవ్వరు.

ఇంకొక్క మాట. ఇక్కడి స్నానాల కాలం వేసవి, ఎండను బట్టి పెట్టుకున్నది. మనకు ఆ లెక్క పొసగదు. మన కాలం పంచాంగంలో ఉన్నది. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, ఆపైన బడి సెలవులు. కార్తీకం అంటే ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపే సమయం. వాన కాలువలన్నీ నిండి సముద్రంలోకి దూకే రోజుల్లోనే మనవాళ్లు వేలమంది నీటిలో దిగుతారు. కాబట్టి మన జాబితాలో నమూనా తీయవలసిన తేదీలను తిథులను బట్టే నిర్ణయించాలని నా అభిప్రాయం.

---

జవాబు: వాడపల్లి నుంచి ఒక గృహిణి

అన్నా, మీరు సముద్రానికి మా ఊరి మీదుగానే పోతారు కదా. మా దగ్గర కృష్ణలో మూసీ కలుస్తుంది. ఆ సంగమంలో స్నానానికి వచ్చేవాళ్లు పుణ్యం కోసం వస్తారు. మూసీ హైదరాబాద్ మురుగును మోసుకొస్తుందని వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు. 2016 ఆగస్టులో పుష్కరాలు జరిగినప్పుడు పన్నెండు రోజులు ఎంతమంది మునిగారో మా కళ్లతో చూశాము. మళ్లీ 2028లో వస్తాయి. మీరు సముద్రానికి అడుగుతున్న బోర్డునే మా రేవుకు కూడా అడగండి. ఉప్పునీరైనా మంచినీరైనా దిగే మనిషి ఒక్కటే కదా.

మాకు తెలిసినది చెబుతాను. ఎగువన వాన పడి మూసీ నురగతో వచ్చే రోజుల్లో మేము పిల్లలను సంగమం దిగువకు పోనివ్వము, కృష్ణ పై పక్కకే తీసుకుపోతాము. ఊరివాళ్లకు ఈ ఎరుక ఉన్నది. దూరం నుంచి వచ్చినవాళ్లకు ఎవరు చెప్పాలి?

---

తిరుగు మాట: కట్టంగూరు వాసి

చెల్లెమ్మా, మీ మాట నిజం. మేము ఇన్నేళ్లుగా మీ వంతెన దాటి పోతూ ఒక్కసారి కూడా ఆ సంగతి ఆలోచించలేదు. లీడ్స్ తమ్ముడు చెప్పిన తేడా కూడా నాకు బాగా అర్థమైంది. పెద్దలు గారూ, ఇప్పుడు మేము చేయగలిగినది ఏమిటో చెప్పండి. ఈ కార్తీకానికి మానుకోమంటే మా అమ్మ వినదు. నాకూ మానుకోవాలని లేదు.

---

జవాబు: ప్రయోగశాల విశ్రాంత ఉద్యోగి, నల్గొండ

మానుకోవలసిన పని లేదు. కాలువ, వాగు, పైపు ఏదైనా సముద్రంలో కలిసే చోటుకు వీలైనంత దూరంగా, అలల ఒరవడి ఆ నీటిని మీ వైపు తేని పక్కన దిగండి. గట్టి వాన పడిన తరువాత రెండు రోజులు ఆగడం మంచిది. పౌర్ణమి ఆగదు కనుక, ఆ రోజు వాన వెలిసి ఉంటే పిల్లల చేత తల మునక వేయించకుండా, నీళ్లు నోట్లోకి పోకుండా చూడండి. చెవిలో చీము ఉన్న పిల్లలను, కాళ్లకు పుండ్లు ఉన్నవాళ్లను ఒడ్డునే ఉంచండి. స్నానం అయ్యాక మంచినీటితో చేతులు కడిగించిన తరువాతే ప్రసాదం పెట్టండి. పోయిన ఏడాది మీ పిల్లలకు వచ్చిన బాధలో చేతులు కడగకుండా తినడానికి కూడా పాత్ర ఉండవచ్చు.

పరీక్ష గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. సూక్ష్మజీవుల నమూనాను శుభ్రం చేసిన సీసాలో పట్టి, మంచులో పెట్టి ప్రయోగశాలకు చేర్చి, వెచ్చగా ఉంచి పెంచితే గానీ లెక్క తేలదు. దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంటే పౌర్ణమి నాడు తీసిన నమూనా ఆ రోజు దిగినవాళ్లకు పనికిరాదు. కనీసం వారం ముందు ఒకటి, రెండు మూడు రోజుల ముందు మరొకటి తీయాలి. మనం అధికారులను కోరవలసిన క్రమం ఇదే.

ఇక కాగితం పని. మీరు దిగే తీరం ఏ జిల్లాలో ఉన్నదో చూసి, గత మూడేళ్లలో ఆ తీరంలో తీసిన నమూనాల తేదీలు, తీసిన చోట్లు, కోలిఫాం సంఖ్యలు ఇవ్వమని ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. తీసిన చోటు తప్పకుండా అడగండి. తీరానికి దూరంగా పడవలో పోయి తీసిన నీరు, మోకాలి లోతులో పిల్లలు ఆడే నీరు ఒకటి కావు. వాడపల్లి చెల్లెమ్మ చెప్పిన రేవు గురించి ఇటువంటిదే ఇంకొకటి తెలంగాణ మండలికి పెట్టవచ్చు. మూసీ కలిసిన తరువాతి కృష్ణ నీటిని వాడపల్లి వద్ద పరీక్షించే కేంద్రం ఉన్నది కనుక సంఖ్యలు దొరుకుతాయి.

బోర్డు కోసం అడిగేటప్పుడు గంగ ఉదాహరణ చూపండి. నీరు స్నానానికి, తాగడానికి పనికివస్తుందో లేదో తెలిపే బోర్డులను ప్రతి 100 కిలోమీటర్లకు పెట్టాలని 2018 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. గంగ యాత్రికునికి దక్కవలసిన సమాచారం కృష్ణ యాత్రికునికి, సముద్ర యాత్రికునికి ఎందుకు దక్కకూడదో చెప్పమని రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తు ముసాయిదా రాసి ఇక్కడ పెడితే నేను దిద్ది ఇస్తాను.

---

తిరుగు మాట: కట్టంగూరు వాసి

ఈ ఆదివారం రాసి పెడతాను. వాడపల్లి దరఖాస్తు మీద చెల్లెమ్మ సంతకం కూడా ఉంటే బాగుంటుంది. మేము వచ్చేటప్పుడు కాగితం తీసుకొస్తాము.