స్పీడ్ రేటింగ్‌ను స్టీల్స్‌ను బట్టి ఇవ్వాలా?

ప్రశ్న:
నేను ఆడే బేస్‌బాల్ సిమ్యులేషన్ గేమ్‌లో అమెరికా మేజర్ లీగ్ ఆటగాడు జాష్ నేలర్ స్పీడ్ రేటింగ్ బాగా తక్కువ. 2025లో అతను 32 సార్లు ప్రయత్నించి 30 బేస్‌లు స్టీల్ చేశాడు (అంటే పిచ్చర్ బంతి వేసేలోపు తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరాడు). అలాంటివాడికి వేగం లేదంటే ఎలా? మైదానంలో ఏం చేశాడో దాన్ని బట్టే రేటింగ్ ఇవ్వాలంటాను.

మొదటి జవాబు:
లెక్క సరైనదే, దాన్నుంచి మీరు తేల్చింది తప్పండి. నేలర్ మేజర్ లీగ్‌లో బాగా నెమ్మదిగా పరుగెత్తేవాళ్లలో ఒకడు. ఆటగాడి పరుగులో అత్యంత వేగంగా సాగిన ఒక సెకను ఆధారంగా స్టాట్‌కాస్ట్ (లీగ్ వాడే కెమెరా కొలతల వ్యవస్థ) వేగం లెక్కిస్తుంది. లీగ్ సగటు సెకనుకు 27 అడుగులు, 30 అంటే మెరుపు వేగం. నేలర్ ఆ సగటుకు చాలా కింద ఉన్నాడు. అతను స్టీల్ చేసేది పిచ్చర్ కదలికను పసిగట్టి, సరైన క్షణంలో బయల్దేరి. అదీ గొప్ప నైపుణ్యమే, కానీ వేగం కాదు.

పోనీ స్టీల్స్ చూసి స్పీడ్ పెంచారనుకోండి. గేమ్ ఆ అంకెను ఒక్క స్టీల్‌కే వాడి ఊరుకోదు కదా! ఇన్‌ఫీల్డ్‌లో దొర్లిన బంతికి ఫస్ట్ బేస్ చేరాలన్నా, డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔటవడం) తప్పించుకోవాలన్నా, తోటివాడు డబుల్ (రెండు బేస్‌ల హిట్) కొడితే ఫస్ట్ నుంచి హోమ్ దాకా రావాలన్నా అదే అంకె. అసలు నేలర్‌కు సాధ్యం కానివన్నీ గేమ్‌లో నేలర్ చేసేస్తాడు. అందుకే ఔట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ అనే కంప్యూటర్ గేమ్‌లో స్పీడ్, స్టీలింగ్, బేస్‌రన్నింగ్ మూడూ వేర్వేరు. స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అనే బోర్డు గేమ్ కార్డుల్లోనూ స్టీలింగ్‌కు అక్షరం, రన్నింగ్‌కు అంకె.

ప్రశ్న వేసినవారు:
ఇప్పటివాళ్లకైతే సరే. 1982లో 130 స్టీల్స్ చేసిన రికీ హెండర్సన్ మాటేమిటి? స్టాట్‌కాస్ట్ వచ్చిందే 2015లో.

ఇంకొకరి జవాబు:
పాతవాళ్లకు అంచనా తప్పదు, అక్కడ మీ మాటే నిజం. కానీ స్టీల్స్ ఒక్కటే చాలవు. బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ తయారుచేసిన స్పీడ్ స్కోర్ స్టీల్స్‌తో పాటు ట్రిపుల్స్ (మూడు బేస్‌ల హిట్లు), పరుగులు, డబుల్ ప్లేలు కూడా కలిపి చూస్తుంది. అందులోనూ జాగ్రత్త కావాలి: ట్రిపుల్స్ మైదానాన్ని బట్టి మారతాయి, స్టీల్స్ కాలాన్ని బట్టి. 2022లో లీగ్ మొత్తం మీద స్టీల్స్ 2,486. మరుసటి ఏడాదికి 3,503! ఆటగాళ్ల కాళ్లు మారలేదు, నిబంధనలు మారాయి. బేస్ వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది, పిచ్చర్ పికాఫ్ ప్రయత్నాలకు (బేస్ వదిలి ముందుకొచ్చిన రన్నర్‌ను ఔట్ చేయడానికి బంతి విసరడానికి) పరిమితి వచ్చింది. కాబట్టి ఎవరి స్టీల్స్‌నైనా వాళ్ల కాలంలో ఆడినవాళ్లతోనే పోల్చాలి.

ప్రశ్న వేసినవారు:
నేలర్ స్పీడ్ విషయం ఒప్పుకుంటున్నాను. ఇప్పుడే మళ్లీ చూశాను, నా గేమ్‌లో అతని స్టీలింగ్ రేటింగ్ కూడా తక్కువే ఉంది. అది మాత్రం తప్పే కదండీ?

మొదటి జవాబు:
ముమ్మాటికీ తప్పే. మార్చమని అడగాల్సింది దాన్ని.