‘డార్క్ ఇంటర్నెట్’ని ‘చీకటి అంతర్జాలం’ అనొచ్చా?

ప్రశ్న: డార్క్ వెబ్, డార్క్ ఇంటర్నెట్ రెంటినీ ‘చీకటి అంతర్జాలం’ అనేస్తున్నాం. రెండూ ఒకటేనా అండీ?

జవాబు: కాదండీ. డార్క్ వెబ్‌లో సైటు నడుస్తూనే ఉంటుంది, కావాలని చాటున ఉంటుంది. టార్ బ్రౌజరూ (చూసేవాళ్లెవరో బయటపడకుండా దాచే బ్రౌజరు), 56 అక్షరాల ఆనియన్ చిరునామా (.onionతో ముగిసేది) ఉంటే ఎవరైనా వెళ్లొచ్చు. బీబీసీకీ అక్కడ సైటుంది. డార్క్ ఇంటర్నెట్‌లో ఎవరూ దాక్కోలేదు. ఐపీ చిరునామా (నెట్‌లో కంప్యూటరుకి ఇచ్చే నంబరు) ఉంటుంది, అక్కడికి దారే ఉండదు. ‘ఈ చిరునామాలకి నా మీదుగా రావచ్చు’ అని నెట్‌వర్కులు ఒకదానికొకటి బీజీపీ అనే పద్ధతిలో కబురు పెట్టుకుంటాయి. ఆ కబురు ఆగినా, తప్పుగా పాకినా అంతే సంగతులు.

2021 అక్టోబరు 4 రాత్రి గుర్తుందా? మనకి తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఆగిపోయాయి. ఫోన్ పాడైందేమోనని టెన్షన్ పడి రీస్టార్ట్ చేసినవాళ్లు ఎందరో. మెయింటెనెన్స్ పనిలో ఇచ్చిన ఒక ఆదేశంతో ఫేస్‌బుక్ డేటా సెంటర్ల మధ్య లింకులు తెగాయి. దాంతో దాని డీఎన్ఎస్ సర్వర్లు (సైటు పేరు అడిగితే ఐపీ చిరునామా చెప్పేవి) తమ దారి కబురుని వెనక్కి తీసుకున్నాయి. ఆ సర్వర్లు పనిచేస్తూనే ఉన్నాయి, బయటివాళ్లకి మాత్రం దాదాపు ఆరు గంటలు అందలేదు. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్‌ని తమ దేశంలో ఆపబోతే, ఆ తప్పుడు దారి ప్రపంచమంతా పాకి, చాలాచోట్ల రెండు గంటలపాటు యూట్యూబ్ రాలేదు.

ఇక మాట సంగతి. వేసి ఉంచి ఇంకా కాంతి పంపని కేబుల్‌ని ‘డార్క్ ఫైబర్’ అంటారు. డార్క్ ఇంటర్నెట్‌లోని ‘డార్క్’ కూడా దాదాపు ఆ అర్థంలోదే. మన ‘చీకటి’ మరో మాట పక్కన చేరితే తప్పుడు పని అనే అర్థం వచ్చేస్తుంది: చీకటి ఒప్పందం, చీకటి వ్యాపారం. దారి తెగిన పాపానికి ఒక చిరునామాకి ఆ నింద ఎందుకు? డార్క్ ఇంటర్నెట్‌ని ‘అందని నెట్’, డార్క్ వెబ్‌ని ‘మరుగు వెబ్’ అందామని నా మాట.

వ్యాఖ్య: ‘మరుగు’ అనగానే మరుగుదొడ్డి గుర్తొస్తుందండీ. ‘చాటు వెబ్’ నయం. మరి డీప్ వెబ్?

జవాబు: ‘చాటు’ బాగుంది, ఒప్పుకుంటున్నా. డీప్ వెబ్ అంటే సెర్చ్ ఇంజన్లకి దొరకనిదంతా. పాస్‌వర్డ్ కొట్టాక కనిపించే మీ బ్యాంకు పేజీ కూడా అందులోదే.

వ్యాఖ్య: ‘అందని’ అంటే ఎప్పటికీ అందనిదే అనిపిస్తోంది. ఫేస్‌బుక్ ఆరు గంటల్లో వచ్చేసిందిగా?

జవాబు: నిజమేనండీ. అయితే ‘దారిలేని నెట్’ అందాం. దారి తెగినవాటికీ, కేటాయించి ఇప్పటిదాకా దారే ప్రకటించని చిరునామాలకీ ఆ మాట సరిపోతుంది.